ఎస్తేరమ్మ పల్లం

పొరచూపుని మొట్టమొదట దించింది మా పొలంలోనే అని నేను పది సభల్లో చెప్పుకున్నాను, మూడు పత్రాల్లో రాశాను. మా పొలం! ఆ రెండు మాటలు రాసిన చెయ్యి పడిపోయినా బాగుండేది. అబ్బే, దేవుడికి అంత తీరికెక్కడిది. చెయ్యి చక్కగానే ఉంది. ఇప్పుడు ఇది రాస్తున్నదీ దానితోనే.

మాది తొర్రేటిపాలెం. ఊరి పక్కనుంచి తొర్రేరు అనే వాగు పోతుంది. వాగు ఒడ్డున ఎకరంన్నర పల్లం మా నాన్న పిచ్చయ్యగారి పేర ఉండేది. రోడ్డువైపు ఎకరం మెరక ఎస్తేరమ్మ మామగారి పేర ఉండేది. నాన్నకి మిరప వెయ్యడానికి మెరక కావాలి. వాళ్ళ ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, వరి పండే పల్లం కావాలి. నేను హైస్కూల్లో చదువుతున్న రోజుల్లో ఇద్దరూ చర్చి అరుగు మీద కూర్చుని పొలాలు మార్చుకున్నారు. కాగితం రాసుకోలేదు. రిజిస్ట్రేషన్ అంటే రెండు రోజుల పని, ఖర్చు, ఆఫీసులో పడిగాపులు. “మాట ఉందిగా” అనుకున్నారు. మా వైపు ఇలాంటి నోటిమార్పిళ్ళు ఊరికి పది ఉంటాయి. ఆ రోజునుంచి మెరక మేం చేసుకున్నాం, పల్లం వాళ్ళు చేసుకున్నారు. పాస్‌బుక్కుల్లో మాత్రం పాత పేర్లే మిగిలాయి. ఊళ్ళోవాళ్ళ నోట్లో కూడా అంతే. ఎస్తేరమ్మ నడుం వంచి నాట్లు వేస్తుంటే, “పిచ్చయ్యగారి పల్లంలో నాట్లు పడుతున్నాయి” అనేవాళ్ళు. నేనూ అలాగే అనేదాన్ని.

పొరచూపు అంటే చూడ్డానికి ఏమీ ఉండదు. మనిషి ఎత్తున ఇనపకడ్డీ, దానికో తెర. కడ్డీని నేలలో దించితే అది సన్నగా అదురుతుంది. నీళ్ళు నిలిచి ఆరిన మట్టి ఒకలా అదురుతుంది, ఎప్పుడూ తడవని మట్టి ఇంకోలా అదురుతుంది. ఏ ఏడు ఎంత నీరు నిలిచింది, పైన ఏం పడింది అనేది తెర మీద పొరలు పొరలుగా కనపడుతుంది. పన్నెండేళ్ళు కష్టపడి చేశాను దాన్ని. పరీక్షించడానికి చరిత్ర తెలిసిన నేల కావాలి కదా, అందుకని కారులో వేసుకుని ఊరికి తీసుకెళ్ళాను. నాతో మా ల్యాబులో పనిచేసే నస్రీన్ వచ్చింది.

గట్టు దిగి పల్లంలో కడ్డీ పాతుతుంటే ఎస్తేరమ్మ కొడవలి చంకలో పెట్టుకుని వచ్చింది. వయసులో మా అమ్మంత ఉంటుంది. నేను చిన్నప్పట్నుంచీ పేరు పెట్టే పిలిచేదాన్ని, ఎవరూ తప్పనలేదు.

“ఏందమ్మాయ్, బోరేస్తన్నావా?”

“బోరు కాదు ఎస్తేరమ్మా. ఈ మట్టి ఇన్నేళ్ళూ ఏం చూసిందో చెప్పే మిషను.”

“ఓయమ్మో! మట్టి చూసుద్దా? అట్టయితే నా మొహమే చూసి చూసి విసుగెత్తి ఉంటది దానికి” అని పకపకా నవ్వింది.

తెర వెలిగింది. నస్రీన్ చూసి మొహం చిట్లించింది. “మేడం, ప్రతి ఏడు పొర మీదా ఓ సన్నటి బూడిదరంగు గీత ఉంది. వాగు నీళ్ళకి ఇలా రాదు. కడ్డీ ఏమన్నా పాడయిందా?”

పన్నెండేళ్ళ పని! ఎస్తేరమ్మ మా భుజాల మీంచి తొంగిచూసి, “పాడవలేదమ్మా. అది నా బూడిద” అంది.

ఇటుకబట్టీలో కూలికి పోయేదట. అక్కడ మిగిలే ఊకబూడిదని ప్రతి వేసవిలో గంపలతో మోసుకొచ్చి పల్లంలో చల్లేదట. “ఈ బంకమట్టి గుల్లబారాలంటే బూడిద పడాలమ్మాయ్. లేకపోతే నాగలి దిగదు.”

“ఎన్నేళ్ళనుంచి?”

“మార్చుకున్న ఏడు కాణ్ణించి. మా యాకోబు కడుపులో ఉన్నాడు అప్పుడు.”

యాకోబుకి అప్పటికి ముప్పై నిండాయి. నస్రీన్ తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. ముప్పై గీతలు. నడుమ ఒక ఏడు మాత్రం గీత లేదు. నేను అడగబోతుండగానే ఎస్తేరమ్మ కొంగు సర్దుకుంది. “పదకొండేళ్ళ కింద గదూ? ఆ ఏడు మా ఆయన పోయాడు. బూడిద మొయ్యలా.”

నస్రీన్ మళ్ళీ లెక్కపెట్టింది. పైనుంచి సరిగ్గా పదకొండోది.

నేను ఆ బురదలోనే ఎస్తేరమ్మని కావలించుకున్నాను. నా మిషన్ నిజం చెబుతోందని లోకానికి రుజువు చేసిన మొదటి మనిషి ఆవిడ. పత్రంలో మూడో బొమ్మగా ఆ గీతలే వేశాం. కింద ఇలా రాశాను: “రచయిత్రి కుటుంబానికి చెందిన పొలం. స్థానిక రైతు వేసిన బూడిద పొరలు.” ఎస్తేరమ్మ పేరు రాయాలని తోచనే లేదు. తోచకపోవడం ఏమిటి అని మీరడగొచ్చు. నిజంగానే తోచలేదు, అదే నా బతుకు.

మూడేళ్ళు తిరిగాయి. ఒక పట్నంలో పాతవాగు దారి మీద కట్టిన కాలనీ రాత్రికి రాత్రి మునిగి రెండు వందలమంది పోయారు. వాగులు తమ పాత దారిని వెతుక్కుంటూ వస్తాయని పొరచూపు చూపించగలదు కాబట్టి ప్రభుత్వం నన్ను పిలిచింది. నీటిదారి చట్టం వచ్చింది. మూడొందల ఏళ్ళలో నీళ్ళు పారిన ప్రతిచోటా ఎర్రగీత. గీత లోపల ఇల్లు కట్టకూడదు, షెడ్డు వెయ్యకూడదు, బోరు దించకూడదు, ప్లాట్లు చెయ్యకూడదు. సాగు చేసుకోవచ్చు, అంతే. గీత పడిన మర్నాడే ఆ నేల ధర మూడోవంతుకి దిగిపోయేది.

కమిటీలో నేనొక్కదాన్నే బల్ల గుద్ది వాదించాను. పదిమంది ప్రాణాల కోసం ఒకడి నేల విలువ పడగొడుతున్నాం, ఆ నష్టం వాడొక్కడి నెత్తిన వేస్తే ఎలాగండీ అన్నాను. ఖజానా అన్నారు, బడ్జెట్టు అన్నారు. అయితే నా మిషన్ నాకిచ్చెయ్యండి అన్నాను. దిగొచ్చారు. ‘నష్టపోయినవారికి’ పరిహారం అని రాశారు. యజమానికి అని కాదు, నష్టపోయినవారికి అని పట్టుబట్టి ఆ మాట వేయించింది కూడా నేనే. అప్పుడు నాకు ఎస్తేరమ్మ లాంటివాళ్ళే మనసులో ఉన్నారు. అబద్ధం కాదు, నిజంగా ఉన్నారు.

ఎర్రగీత తొర్రేటిపాలెం పల్లం మీదుగా పోయింది. అప్పటికే యాకోబు అక్కడ పిండిమర షెడ్డుకి పునాది తీసి ఉన్నాడు. రెవెన్యూవాళ్ళు వచ్చి ఆపేశారు. వాడు నాకు ఫోన్ చేసి తిట్టలేదు.

“కానీలే అక్కా, వాగు మీద మర కడితే నా పిల్లలే కొట్టుకుపోతారు. పరిహారం నువ్వే రాయించావంటగా? అది రాంగానే ఊళ్ళో జాగా తీసుకుని మర పెట్టుకుంటా. ఈ కూలిపనులకి అమ్మ నడుం పడిపోయింది, ఇంక పంపను.”

“వస్తుందిలే యాకోబూ, నాదీ పూచీ” అన్నాను.

వారం తర్వాత మా అన్న శేషగిరి ఫోన్ చేశాడు.

“సుగుణా, పల్లం పాస్‌బుక్ నాన్న పేరే ఉంది. అర్జీ పెట్టాం.”

“అదేంటన్నయ్యా? పల్లం వాళ్ళది కదా!”

“ఎవరు చెప్పారు? నీ పత్రంలోనే రాశావుగా, మా కుటుంబం పొలం అని. అది కూడా జత చేశా. నువ్వు ఊరికే నోరు జారకు. నాన్న పరువు.”

యాకోబు కూడా అర్జీ పెట్టడంతో విచారణ పడింది. ఆ రోజున వెళ్ళి అన్నయ్యకి గడ్డి పెట్టాలనుకున్నాను. అనుకోవడానికేం, ఎన్నయినా అనుకుంటాం.

విచారణ మా ఊరి సచివాలయంలో జరిగింది. డిప్యూటీ కలెక్టరు గారు బల్ల వెనక, ఊరంతా గుమ్మంలో. నాన్న ఖద్దరు చొక్కా వేసుకుని వచ్చాడు. ఎనభై దాటాయి. నలభయ్యేళ్ళు ఊళ్ళో తగువులు తీర్చిన మనిషి. ఆయన మాటంటే కోర్టు కాగితం కింద లెక్క.

“పల్లం నాదేనండి. పాపం బీదవాళ్ళు గదా అని చేసుకోమన్నా. ఇన్నేళ్ళూ కౌలు కూడా అడగలా” అన్నాడు నాన్న.

గుమ్మంలో ఎవరో “పెద్దమనసు” అన్నారు. ఎస్తేరమ్మ నాన్న వైపు తిరిగింది. కోపం కూడా రాలేదు ఆవిడకి. ఆయనకి వంట్లో బాగాలేదేమో అన్నట్టు చూసింది.

“అదేందయ్యా, అట్టంటన్నారు? మీరూ మా మామా చర్చి అరుగు మీద కూకుని మార్చుకోలా?”

“మీ మామ లేడుగా చెప్పడానికి” అన్నాడు మా అన్న.

కలెక్టరు గారు కళ్ళజోడు తీసి నా వైపు తిరిగారు. “డాక్టర్ సుగుణ గారూ, మీరు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. పల్లం ఎవరు చేశారో మీ మిషన్ ఏమన్నా చెప్పగలదా?”

“చెప్పుద్ది సారూ!” ఎస్తేరమ్మ మొహం వెలిగిపోయింది. “ఈ అమ్మాయే లెక్కబెట్టింది. చెప్పమ్మాయ్, నా బూడిద సంగతి చెప్పు.”

నాన్న తల దించుకున్నాడు. అన్నయ్య నన్నే చూస్తున్నాడు. ఊరంతా నన్నే చూస్తోంది. నేను నిజం చెబితే నలభయ్యేళ్ళ పెద్దమనిషి ఆ గుమ్మంలోనే దొంగయిపోతాడు. ఆ క్షణంలో ఇదే అనుకున్నానని తర్వాత అందరికీ చెప్పుకున్నాను, నాక్కూడా చెప్పుకున్నాను.

“పొరచూపు నీటి జాడలు మాత్రమే చూస్తుందండి. సాగు ఎవరు చేశారన్నది చెప్పలేదు” అన్నాను.

కలెక్టరు గారు రాసుకున్నారు. ఎస్తేరమ్మ లేచి చెప్పుల కోసం గుమ్మంలోకి వెళ్ళింది. వాటిలో ఒకటి గుమ్మంలో జనం కాళ్ళ కింద ఎక్కడికో పోయింది. వెతకడానికి వంగింది ఆవిడొక్కతే.

పరిహారం నాన్నకి మంజూరైంది. మూడు వాటాలు వేశారు. నా వాటా నాకొచ్చింది, తీసుకున్నాను. ఫ్లాటు బాకీ ఉంటే కట్టేశాను. ఆ ఇంట్లో రోజూ స్నానం చేస్తాను, అన్నం తింటాను, నిద్ర కూడా పడుతుంది. పట్టకూడదు కదా? పడుతుంది.

రెండు నెలల తర్వాత ఒకరోజు మధ్యాహ్నం నస్రీన్ నా గదిలోకి వచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టింది. ప్రభుత్వ సర్క్యులర్. రాష్ట్రమంతటా నోటిమార్పిడి రైతులు, కౌలురైతులు, ఆడపడుచుల పొలాలు చేసుకుంటున్నవాళ్ళు పరిహారం తమకే రావాలని అర్జీలు పెట్టుకున్నారట. మా పొలంలో పొరచూపు దించండి, మా పశువుల గెత్తం, మా చెరువుమట్టి, మా సున్నం కనిపిస్తాయి అన్నారట. వాళ్ళందరికీ ఒకటే జవాబు: “యంత్రాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్తే విచారణలో స్వయంగా తెలియజేసినందున, సాగు నిరూపణకు పొరచూపు ఆధారాలను పరిగణించరాదు.”

నేను రెండుసార్లు చదివాను. ఒక్క ఊరి గుమ్మంలో అన్న మాట. దానికి కాళ్ళొచ్చి పదమూడు జిల్లాలు తిరిగింది.

“ఇది తప్పు కదా మేడం?” అంది నస్రీన్.

“సందర్భం వేరు నస్రీన్. సాంకేతికంగా చూస్తే...”

“ముప్పై గీతలు నేనే లెక్కపెట్టాను మేడం.” ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. గోడ మీద పెద్దదిగా ఫ్రేము కట్టించి పెట్టుకున్న మూడో బొమ్మ వైపు చూసింది. “దాన్ని తీసెయ్యమంటారా మరి? ఎవరన్నా వచ్చి చూస్తే బాగోదు.”

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల నన్నలా అడిగింది, అడగడం న్యాయమే కూడా. తీసెయ్యమనలేదు, ఉంచమనలేదు. “తర్వాత చూద్దాం” అన్నాను. ఆ వారమే నస్రీన్ వేరే ల్యాబుకి బదిలీ పెట్టుకుంది.

ఉత్తరువు వచ్చిన తొంభై రోజుల్లోపే పై విచారణకి అప్పీలు చేసుకోవాలి; యాకోబు ఆ గడువు ముగిసేలోపే చేశాడు, తేదీ పడడానికి మాత్రం నెలలు పట్టింది. తేదీ తెలిసి నేను జిల్లా ఆఫీసుకి బయలుదేరాను. ఈసారి చెప్పేద్దామని. దారి పొడుగునా కారులో ఆ వాక్యాలే వల్లించుకున్నాను. చూశారా, నిజం చెప్పడానికి కూడా నాకు రిహార్సలు కావాలి. మనసులో ఓ మూల కాస్త గర్వం కూడా ఉంది. పోనీలే, చివరికి ధైర్యం చేస్తున్నానుగా అని.

నేను లోపలికి వెళ్ళేసరికి యాకోబు తరఫు వకీలు గట్టిగా మాట్లాడుతున్నాడు. కుర్రవాడు, చురుకైనవాడు.

“సరేనండీ, కాగితమే నిజం అంటున్నారు కదా. అయితే రోడ్డు పక్క మెరక పాస్‌బుక్ ఎవరి పేర ఉంది? ఎస్తేరమ్మ మామగారి పేర ఉంది. ఎర్రగీత దాటి ఉన్న నేల అది. ఇప్పుడు పల్లానికి పదింతలు పలుకుతోంది. పల్లం వాళ్ళకిచ్చెయ్యండి, మాకేం అభ్యంతరం లేదు. మెరక మాకు ఇప్పించండి.”

అన్నయ్య మొహంలో నెత్తురు లేదు. నాన్న కర్ర పట్టుకుని లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. ఈ దెబ్బ మేమెవ్వరం ఊహించలేదు. పల్లం కాగితం మీద మాది, మెరక కాళ్ళ కింద మాది, రెండూ మావే అనుకుంటూ కూర్చున్నాం.

“అమ్మా, మీరు ఒప్పుకుంటున్నట్టేనా? మెరక మీదేనా?” అని అధికారి ఎస్తేరమ్మని అడిగారు.

“చెప్పమ్మా, మాదే అను” అన్నాడు యాకోబు పళ్ళబిగువున.

ఎస్తేరమ్మ లేచి నిలబడింది. నడుం పూర్తిగా నిలవడం లేదు.

“కాదు సారూ. మెరక పిచ్చయ్యగారిదే. మా మామ మాటిచ్చాడు, నేనక్కడే ఉన్నా. పిచ్చయ్యగారు చెప్పింది ఆయనిష్టం. మేం మాత్రం ఇచ్చేశాం. ఇచ్చింది మళ్ళా మాదంటే ఎట్టా?”

“అమ్మా!” యాకోబు బల్ల మీద కొట్టాడు. “వాళ్ళు మన నోట్లో మట్టి కొడితే నువ్వు...”

“కొట్టనీరా. నేనెందుకు కొట్టాల?” అని కూర్చుంది.

నేను వల్లించుకున్న వాక్యాలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. లేచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముప్పై గీతలు. నడుమ లేని ఒకటి. మొదటి విచారణలో చెప్పింది పచ్చి అబద్ధం. పల్లం ఎస్తేరమ్మది. అధికారి రాసుకుంటూ, సంతకం పెట్టమన్నారు. పెట్టాను. పల్లం పరిహారం ఎస్తేరమ్మ పేర మారుస్తామన్నారు, మేం తీసుకున్నది మా దగ్గర రాబడతామన్నారు. అన్నయ్య బూతులు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నాన్న నా వైపు చూడలేదు. నేనూ ఆయన్ని చూడలేకపోయాను.

యాకోబు మాత్రం దగ్గరికొచ్చాడు. “ఆ రోజే ఎందుకు చెప్పలేదక్కా?”

నాన్న పరువు అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఎస్తేరమ్మ అక్కడే కూర్చుని ఉంది కాబట్టి అనలేకపోయాను.

“ఆ పొలం మాదయితే బాగుణ్ణనిపించింది యాకోబూ. అంతే. ఆశ.”

ఎస్తేరమ్మ “పోనీలేరా, చెప్పింది గదా ఇయ్యాళ” అంది. తిట్టినా నిలబడేదాన్ని. ఆ మాటకి నిలబడలేక బయటికొచ్చేశాను.

వరండాలో బల్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎవరో, ఏ ఊరో తెలీదు. భుజాన తువ్వాలు, చేతిలో మడతలు పడిన కాగితం. నేను పక్కన కూలబడగానే ఆ కాగితం నా చేతిలో పెట్టాడు.

“సదివి పెడతావామ్మా? కళ్ళద్దాలు తేలా.”

విప్పాను. అర్జీ తిరస్కరించినట్టు ఉత్తరువు. చదవడం మొదలుపెట్టాను. “మీరు సాగు చేసినట్టు చూపిన ఆధారాలు చెల్లవు. యంత్రాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్తే విచారణలో స్వయంగా...” అక్కడ ఆగిపోయాను.

“ఆగావేందమ్మా? సదువు.”

చదివాను. చివరిదాకా, ఒక్క అక్షరం మింగకుండా, నా అబద్ధాన్ని నేనే ఆయనకి వినిపించాను. ఆయన శ్రద్ధగా విని తల ఊపాడు.

“శాస్త్రవేత్తంటే బాగా సదువుకున్నాయనేగా. అంత సదువుకున్నాయన అబద్ధమెందుకు సెప్తాడులే. మా పొలంలోనే ఏదో లోపం ఉండుంటది. ఇరవయ్యేళ్ళు చెరువుమట్టి తోలా. ఏడకి పోయిందో మరి.”

“ఎక్కడికీ పోలేదండీ. మీ మట్టి అక్కడే ఉంది. ఆ శాస్త్రవేత్తని నేనే. నేను అబద్ధం చెప్పాను.”

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. నమ్మాడో లేదో తెలియలేదు. కాగితం తీసుకుని, పాత మడతల మీదే మళ్ళీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“మరి అప్పీలు గడువైపోయిందంటన్నారే అమ్మా” అన్నాడు.